కనుమ నాడు కారు కదలట్లేదు. కీ నొక్కినా, స్టార్ట్ బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు

భీమారం_అల్లుడు
భోగి ముందు రోజు రాత్రి హైదరాబాద్ నుంచి భీమవరం దగ్గర మా అత్తారి ఊరొచ్చాం. కారు అరుగు పక్కన పెట్టి మళ్లీ ముట్టుకోలేదు. రేపు పొద్దున ఆఫీసు. ఈ పూటే బయల్దేరదామని సామాన్లు పట్టుకుని వస్తే కీ మీద అన్‌లాక్ నొక్కినా తలుపు తెరుచుకోలేదు. కీ లోపల దాచి ఉండే ఇనప తాళంతో తలుపు తీశాను. లోపల లైటు వెలిగింది, గుడ్డి దీపంలా. క్లచ్ తొక్కి స్టార్ట్ బటన్ నొక్కితే మీటర్ దగ్గర లైట్లు ఒక్కసారి వణికి, ఎర్ర రంగు తాళం బొమ్మ మిణుకుమిణుకుమంది. అంతే.

కీలో సెల్ అయిపోయిందనుకుని వాచీల కొట్టు ఆయన్ని పండగ పూట ఇంటికెళ్లి లేపి మరీ కొత్తది తెచ్చి వేశాను. తేడా లేదు. పోయిన నెల కూడా రెండు మూడుసార్లు 'కీ కనబడలేదు' అని చూపించి దానంతటదే సర్దుకుంది. అంటే కీ పోయినట్టేనా? రెండో కీ హైదరాబాద్‌లో బీరువాలో ఉంది. పెట్రోల్ బండి, మాన్యువల్ గేరు, కొని నాలుగున్నరేళ్లు.

కూకట్‌పల్లి_క్లచ్
కనుమ నాడు కాకైనా కదలదంటారు. మీ కారుకున్నపాటి సంప్రదాయం మీకు లేకపోయె.

ఓరుగల్లు_శీను
సెల్ తిరగేసి పెట్టినవేమో చూడన్నా. ప్లస్ ఎటుండాల్నో కీ లోపల సన్నగ చెక్కి ఉంటది, చత్వారం ఉంటే కనబడదు. నేను ఒకసారి గట్లనే పెట్టి మెకానిక్‌కు మూడొందలు ఇచ్చిన. వాడు తీసి తిరగేసి పెట్టిండు, అంతే పని.

నిదానమే_ప్రధానం
సెల్ మీద నంబరు చూశారా? సీఆర్ 2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం. సీఆర్ 2025 కూడా అదే వెడల్పు, కానీ మందం 2.5 మాత్రమే. గూట్లో పడుతుంది కాబట్టి కొట్టువాళ్లు ఒకదాని బదులు ఇంకోటి ఇచ్చేస్తుంటారు. వదులుగా ఉండి ఒకసారి తగులుతుంది, ఒకసారి తగలదు.

భీమారం_అల్లుడు
2032 అడిగే తెచ్చాను, నంబరు చూశాను. ప్లస్ సరిగ్గానే ఉంది. కీ మీద నొక్కితే బుల్లి ఎర్ర లైటు వెలుగుతోంది కూడా.

డాలస్_దొరబాబు
ఇక్కడ కొన్ని కంపెనీలు పిల్లలు మింగకుండా సెల్ మీద చేదు పూత వేస్తున్నాయి. మంచి పనే, కానీ ఆ పూత అడ్డుపడి కొన్ని పరికరాల్లో కరెంటు అందదు. వస్తువులు పోతే వెతికిపెట్టే యాపిల్ బిళ్ల ఎయిర్‌ట్యాగ్ సూచనల్లో కూడా చేదు పూత సెల్ పనిచేయకపోవచ్చని రాసి ఉంటుంది. నా కారు కీ విషయంలో అదే జరిగింది. మెత్తటి గుడ్డ మీద కాస్త స్పిరిట్ వేసి తుడిస్తే దారికొచ్చింది.

నెల్లూరు_పెద్దమ్మాయి
పాత సెల్ ఎక్కడ పెట్టారు? పండక్కి ఇంటినిండా పిల్లలుంటారు కదా.

కూకట్‌పల్లి_క్లచ్
చేదు పూత అంటే వేపాకు రసమా దొరబాబు గారూ?

ఆటోనగర్_బాబాయ్
అందరూ కీ వెనకే పడ్డారు. కీ మీద లైటు వెలుగుతోందని మనిషి చెబుతున్నాడు. అంటే అందులో కాస్తో కూస్తో ఊపిరుంది. అది పంపే సిగ్నల్ కారుకి అందుతోందో లేదో వేరే సంగతి. ముందు ఇది చెయ్యి అల్లుడూ. కీ వెనక భాగాన్ని స్టార్ట్ బటన్‌కి ఆనించి పట్టుకుని, క్లచ్ పూర్తిగా తొక్కి, కీతోనే బటన్ నొక్కు. కీలో ఒక చిప్పు ఉంటుంది. దానికి సెల్‌తో పనిలేదు, బటన్ చుట్టూ ఉండే కాయిలే దానికి కరెంటు ఇస్తుంది. సెల్ పూర్తిగా చచ్చినా బండి స్టార్ట్ అయ్యేలా కంపెనీవాళ్లు వదిలిన దారి అది. కొన్ని బండ్లలో కీ ఆనించే చోటు స్టీరింగ్ కింద ఉంటుంది, కొన్నిట్లో కప్పు పెట్టే గుంటలో. నీ బండి పుస్తకం డాష్‌బోర్డు అరలో ఉంటుంది, ప్లాస్టిక్ కవరు కూడా విప్పి ఉండవు, చూడు.

చేసేటప్పుడు ఏ శబ్దం వచ్చిందో చెవి పెట్టి విని చెప్పు. మిగతాది ఆ శబ్దాన్ని బట్టి.

భీమారం_అల్లుడు
ప్లాస్టిక్ కవరు సంగతి మీకెలా తెలిసింది బాబాయ్! నిజంగానే విప్పలేదు.

కీ ఆనించి నొక్కాను. తాళం బొమ్మ పోయింది! ఆ వెంటనే ముందు నుంచి టకటకటకా అని మిషన్ కుట్టినట్టు శబ్దం, మీటర్ లైట్లన్నీ దానితోపాటే వెలిగి ఆరి, తర్వాత మొత్తం చీకటి. ఇప్పుడు బటన్ నొక్కినా ఏమీ లేదు.

ఆటోనగర్_బాబాయ్
దొరికింది దొంగ. కీ మంచిదే. తాళం బొమ్మ పోయిందంటే బండి నీ కీని గుర్తుపట్టింది, ఇక సెల్ఫ్, అంటే ఇంజిన్‌ని మొదట తిప్పే మోటారుని, తిప్పమని చెప్పింది కూడా. తిప్పడానికి పెద్ద బ్యాటరీలో సత్తువ లేదు. టకటకా అనేది సెల్ఫ్ మోటారు మీద ఉండే సోలెనాయిడ్, అంటే మోటారుకి కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్. పట్టుకోబోతుంది, వోల్టేజీ పడిపోతుంది, వదిలేస్తుంది, మళ్లీ పట్టుకోబోతుంది. అదే ఒక్కసారి 'టక్' అని గట్టిగా కొట్టి, లైట్లు అలాగే నిలబడి ఊరుకుంటే సెల్ఫ్ మోటారునో దాని వైరునో అనుమానించాలి. వరసగా కొట్టుకుంటే నూటికి తొంభైసార్లు బ్యాటరీయే, లేదంటే దాని టెర్మినల్, అదే వైరు బిగించే కొస.

పల్నాటి_ఎండ
ఒప్పుకోను బాబాయ్. బ్యాటరీ పోతే లోపలి లైటు ఎలా వెలుగుతుంది? తాళం బొమ్మ ఎలా వస్తుంది? ఈయన చెప్పిన మొదటి లక్షణమే కీ పనిచేయకపోవడం. రిమోట్‌తో తలుపు కూడా తెరుచుకోలేదు. అది ముమ్మాటికీ కీ సమస్యే. షోరూమ్‌కి తీసుకెళ్లి కోడింగ్ చేయించాలి, అంటే కారు కీని మళ్లీ గుర్తుపట్టేలా చేయించాలి.

నిదానమే_ప్రధానం
లైటు వెలగడానికి ఒక ఆంపియర్ కూడా అక్కర్లేదు. సెల్ఫ్ తిరగాలంటే వంద ఆంపియర్ల పైనే కావాలి. మంచం మీంచి లేచి కూర్చోగలిగినవాడు బస్తా మోయగలడని కాదు కదా.

రిమోట్ విషయం కూడా అందులోదే. తలుపు దగ్గర కారు 125 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో 'ఉన్నావా' అని కీని పిలుస్తుంది, కీ 433 మెగాహెర్ట్జ్‌లో 'ఉన్నా' అంటుంది. పిలిచేదీ కారే, వినేదీ కారే. కారు బ్యాటరీ నీరసిస్తే ఆ చెవులు ముందు మొద్దుబారతాయి. అప్పుడు అందరూ కీని తిడతారు. నేనూ తిట్టినవాణ్నే, రెండు సెల్‌లు మార్చాక గానీ బుద్ధి రాలేదు.

డాలస్_దొరబాబు
మా దగ్గర చాలా కార్ల కీలు 315 మెగాహెర్ట్జ్. అక్కడి బండికి ఇక్కడ ఆన్‌లైన్‌లో కీ కొని పట్టుకెళదామని ఎవరైనా అనుకుంటే వద్దు. మా తమ్ముడికి నేను చేసిన ఉపకారం అది. ఇప్పుడది వాళ్లబ్బాయి ఆట వస్తువు.

పల్నాటి_ఎండ
సరే, బ్యాటరీకి మల్టీమీటర్ పెట్టి చూపించండి, అప్పుడు ఒప్పుకుంటా.

సాగరతీరం
మీటర్ కంటే ముందు బోనెట్ ఎత్తి టెర్మినళ్లు చూడండి. మాది విశాఖ, ఇల్లు సముద్రానికి దగ్గర. బ్యాటరీ ప్లస్ దగ్గర తెల్లగా, పచ్చగా బూజులా పేరుకుంటుంది. నాకు ఇలాగే టకటకా వచ్చి కొత్త బ్యాటరీ కొనబోయాను. మెకానిక్ కుర్రాడు టెర్మినల్ మీద వేడినీళ్లు పోసి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, బిగించి, పైన వాసలైన్ రాశాడు. ఇంకో రెండేళ్లు నడిచింది. చేత్తో తిప్పితే టెర్మినల్ కదలకూడదు, అది పరీక్ష. తోమేముందు మైనస్ మొదట విప్పాలి, బిగించేటప్పుడు మైనస్ చివర. స్పానర్ పొరపాటున బాడీకి తగిలినా నిప్పురవ్వలు రావు.

భీమారం_అల్లుడు
టెర్మినళ్లు శుభ్రంగా, గట్టిగానే ఉన్నాయి. మా చిన్న బావమరిది పాలిటెక్నిక్ చదువుతున్నాడు, వాడి మల్టీమీటర్ పెట్టాం. పెద్ద బ్యాటరీ 11.6 వోల్టులు. పాత సెల్ జేబులో ఉందనుకున్నా, లేదు. కొత్త సెల్ తీసి పెడితే 3.2.

ఆటోనగర్_బాబాయ్
పల్నాటి వారూ, చూశారుగా. పూర్తి చార్జిలో ఉండి కదలకుండా ఉన్న బ్యాటరీ 12.6 చూపించాలి. 12.2 దగ్గరే సగం ఖాళీ. 11.6 అంటే అడుగంటింది.

పల్నాటి_ఎండ
ఒప్పుకున్నా. కోడింగ్ మాట వెనక్కి తీసుకుంటున్నా.

కూకట్‌పల్లి_క్లచ్
ఈ వేదికలో ఒకరు మాట వెనక్కి తీసుకోవడం నేను ఇదే మొదటిసారి చూడటం. పండగ మహిమ.

భీమారం_అల్లుడు
ఇక్కడ మనుషులకి కొదవ లేదు. మావయ్య అప్పుడే పదిమందిని పోగేశారు తోయడానికి. రెండో గేరులో వేసి తోయిస్తే పని అవుతుందా?

ఆటోనగర్_బాబాయ్
మాన్యువల్ బండే కాబట్టి సిద్ధాంతం ప్రకారం అవుతుంది. కానీ ముందు క్లచ్ తొక్కకుండా బటన్ రెండుసార్లు నొక్కి ఆన్ చెయ్యాలి, ఆ లైట్లు నిలబడాలి. ఇంజిన్ కంప్యూటరుకీ పెట్రోల్ పంపుకీ కరెంటు లేకపోతే పదిమంది కాదు, ఊరంతా వచ్చి తోసినా స్టార్ట్ అవదు. నీకు లైట్లే ఆరిపోయాయి. పైగా ఇసక వాకిలి. పదేపదే తోయిస్తే మండని పెట్రోల్ సైలెన్సర్ వైపు పోయి, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ చెడుతుంది. ఆటోమేటిక్ బండ్లవాళ్లు ఈ ఆలోచనే పెట్టుకోవద్దు. పక్కన వేరే బండి ఉంటే జంపర్ కేబుల్ వెయ్యి, అంటే దాని బ్యాటరీ నుంచి నీ బండికి కరెంటు తెచ్చే లావు వైర్లు.

భీమారం_అల్లుడు
మావయ్య స్నేహితుడి చేపల లారీ ఇంటి ముందే ఉంది. 'పెద్ద బ్యాటరీ, చిటికెలో లేస్తుంది' అంటున్నారు. కేబుల్ కోసం వెల్డింగ్ షాపుకి మనిషిని పంపారు.

ఆటోనగర్_బాబాయ్
ఆగు ఆగు ఆగు. లారీ వద్దు! పెద్ద లారీల్లో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఉంటాయి. నీ కారు 12. తగిలిస్తే కారులో ఉన్న కంప్యూటర్లన్నీ ఒకేసారి మసి. ఇది చదివావా లేదా ముందు చెప్పు.

ఓరుగల్లు_శీను
అన్నా, గా లారీ జోలికి పోకు.

నిదానమే_ప్రధానం
చదివారా?

కూకట్‌పల్లి_క్లచ్
ఇప్పటికే కాల్చేశాడేమో. అందుకే ఉలుకూ పలుకూ లేదు.

భీమారం_అల్లుడు
చదివాను చదివాను. అప్పటికే బోనెట్లు ఎత్తేసి ఉన్నాయి. మావయ్యకి చెబితే 'నీ ఫోన్లో వాళ్లకేం తెలుసు' అన్నారు గానీ, లారీ డ్రైవరే వచ్చి 'నిజమేనండి, ఇది ఇరవైనాలుగు' అన్నాడు. నేను ఇక్కడే కింద కూర్చుండిపోయాను. ట్రాక్టర్ ఉంది. అది పర్లేదా?

ఆటోనగర్_బాబాయ్
మన ఊళ్లలో తిరిగే ట్రాక్టర్లు 12 వోల్టులే. అయినా మీటర్ పెట్టి చూసుకో, చేతిలో ఉందిగా. కేబుల్ వెల్డింగ్‌ది అయితే మందంగా ఉంటుంది, మంచిదే. ఇంటి వైరింగ్ తీగ మాత్రం వాడొద్దు, చేతిలోనే కాలిపోద్ది.

వరస చెబుతా, తప్పొద్దు. రెండు బండ్లూ ఆపి ఉండాలి, ఒకదానికొకటి తగలకూడదు. ఎర్ర కేబుల్ ముందు నీ బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస ట్రాక్టర్ ప్లస్‌కి. నల్లది ట్రాక్టర్ మైనస్‌కి, దాని రెండో కొస నీ బ్యాటరీకి కాదు, నీ ఇంజిన్ మీద రంగు లేని ఇనప ముక్కకి. చివర్లో రవ్వ రావడం మామూలే, అది బ్యాటరీ మీద రాకూడదు, అక్కడ మండే వాయువు ఉండొచ్చు. ఇప్పుడు ట్రాక్టర్ స్టార్ట్ చేసి ఐదు పది నిమిషాలు వదిలెయ్యి, ఆ తర్వాత నీ బటన్. లేచాక విప్పేది సరిగ్గా తిరుగు వరసలో. చుట్ట, బీడీ కాల్చేవాళ్లని పది అడుగుల దూరం పెట్టు, పండగ పూట చుట్టూ చేరతారు.

నెల్లూరు_పెద్దమ్మాయి
ఇందాక అడిగాను, ఎవరూ పట్టించుకోలేదు. పాత సెల్ జేబులో లేదని మీరే రాశారు. అది ఎక్కడుంది? బండి తర్వాత స్టార్ట్ చేయొచ్చు. చిన్నపిల్లలు ఆ సెల్ మింగితే గొంతులో ఇరుక్కున్న చోట రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. 'అయిపోయిన సెల్' అయినా అంతే. బయటికి దగ్గు, చొంగ తప్ప ఏమీ కనబడదు, జలుబు అనుకుంటాం. మా ఆడపడుచు బిడ్డకి జరగబోయి తప్పింది. నేను ఆసుపత్రిలో పనిచేస్తాను, ఊరికే భయపెట్టడానికి చెప్పట్లేదు.

డాలస్_దొరబాబు
అవునండీ, చేదు పూత పూసేది ఇందుకే.

ఆటోనగర్_బాబాయ్
అమ్మాయి చెప్పింది ముందు చెయ్యి. ట్రాక్టర్ ఎక్కడికీ పోదు.

సాగరతీరం
అరగంట అయింది. ఏమైంది?

భీమారం_అల్లుడు
దొరికింది. ఇల్లంతా వణికిపోయింది. అరుగు మీద పెట్టినట్టు గుర్తు, అక్కడ లేదు. ఇంట్లో ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు. ఒక్కొక్కర్ని నోరు తెరిపించి చూశాం. ఏ పిల్లాడూ చెప్పడే. చివరికి మా మరదలి కూతురు, నాలుగేళ్లది, నా చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకెళ్లింది. నిన్నటి గొబ్బెమ్మ, పేడ ఎండి బీటలు తీసింది, మీద బంతిపూలు వాడిపోయాయి. ఆ పూల కింద, నుదుటి బొట్టులాగా, సెల్. 'గొబ్బెమ్మకి బిళ్ల పెట్టా' అంది. మా అత్తగారు దాన్ని ఎత్తుకుని ఇంకా దించలేదు.

నెల్లూరు_పెద్దమ్మాయి
హమ్మయ్య. రెండు వైపులా టేపు అంటించి ఒక డబ్బాలో పైన పెట్టండి. ఇక మీ కారు సంగతి మీరు చూసుకోండి.

ఓరుగల్లు_శీను
బిడ్డ తెలివైంది. బోలెడు దీవెనలు.

భీమారం_అల్లుడు
ట్రాక్టర్ 12.7 చూపించింది. బాబాయ్ చెప్పిన వరసలోనే తగిలించాం, పది నిమిషాలు ఆగి నొక్కాను. ఒక్క తిప్పులో లేచింది! పదిమందీ చప్పట్లు కొట్టారు. ఇప్పుడు ఇంజిన్ నడుస్తూనే ఉంది, బ్యాటరీ దగ్గర 14.1. పేడ తుడిచి పాత సెల్‌కి మీటర్ పెడితే 3.08. అంటే అది బాగానే ఉంది!

పల్నాటి_ఎండ
వాచీల ఆయన నిద్ర మాత్రం చెడింది.

వాల్వ్_గ్యాప్
ఇప్పుడు బ్యాటరీ మైనస్ విప్పి చూడు. ఇంజిన్ ఆగకుండా నడిస్తే, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ బాగున్నట్టు. మా నాన్న అంబాసిడర్‌కి అలాగే చూసేవాడు.

ఆటోనగర్_బాబాయ్
వద్దురా నాయనా. అంబాసిడర్‌లో కంప్యూటర్ లేదు. ఇప్పటి బండ్లలో నడుస్తుండగా బ్యాటరీ విప్పితే వోల్టేజీ ఒక్కసారి ఎగదన్ని ఈసీయూ, అదే ఇంజిన్ కంప్యూటరు, పోతుంది. మీటర్ 14.1 చూపిస్తోందిగా, ఆల్టర్నేటర్ బ్రహ్మాండంగా ఉంది. అంతకంటే రుజువేం కావాలి.

వాల్వ్_గ్యాప్
సరే సరే. నాన్నగారి మీద అభిమానంతో చెప్పాను.

నిదానమే_ప్రధానం
అసలు ప్రశ్న మిగిలింది. నాలుగున్నరేళ్ల బ్యాటరీ అయినా, హైదరాబాద్ నుంచి అంత దూరం నడిపి వచ్చాక నిండుగా ఉండాలి. రెండున్నర రోజుల్లో ఎలా ఖాళీ అయింది? బండి నిలబడి ఉన్నప్పుడు మామూలుగా యాభై మిల్లీఆంపియర్లకి మించి తాగకూడదు. తర్వాత ఏమైనా బిగించారా?

భీమారం_అల్లుడు
ముందు అద్దానికి డాష్‌క్యామ్ పెట్టించాను, దీపావళికి. పార్కింగ్‌లో ఎవరైనా గీకితే కూడా రికార్డవుతుందని షాపువాడు నేరుగా బ్యాటరీ లైనుకి కలిపాడు.

నిదానమే_ప్రధానం
ఇంకేం. క్యామెరా సుమారు 0.3 ఆంపియర్లు తీసుకుందనుకోండి. అరవై గంటలకి 18 ఆంపియర్ అవర్లు. చిన్న పెట్రోల్ కారు బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడే 35. మీది పాతది, అందులో ఎంత మిగిలిందో దానికే తెలియాలి. అరుగు పక్కన పెట్టారన్నారు, వచ్చేపోయే కోళ్లన్నిటినీ రికార్డు చేసి ఉంటుంది.

కూకట్‌పల్లి_క్లచ్
కోళ్లంటే గుర్తొచ్చింది. ఆ రికార్డింగులు బయటపెట్టకు అల్లుడూ, బరుల దగ్గర మీ మావయ్య కనబడతారు.

భీమారం_అల్లుడు
క్యామెరా ఇంకో సంగతి కూడా పట్టించింది. ఇప్పుడే కార్డు తీసి చూశాం. సంక్రాంతి రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా మా బావమరిది, వాడి నలుగురు ఫ్రెండ్సూ కారులో కూర్చుని పాటలు వింటున్న మాటలు రికార్డయ్యాయి. కీ వీధి గుమ్మం పక్కన మేకుకి తగిలించేవాణ్ని. ఇంజిన్ ఆపేసి, సౌండు ఫుల్లు. మల్టీమీటర్ పట్టుకుని గంట నుంచీ నాకు సాయం చేస్తున్నది వాడే, ఒక్క ముక్క చెప్పలేదు!

ఓరుగల్లు_శీను
హహహ. నేరం చేసినోడే పంచనామా రాసిండు.

సాగరతీరం
మేకు సంగతి కూడా మార్చండి. కీ కారుకి రెండు మూడు అడుగుల్లో రాత్రంతా ఉంటే కొన్ని బండ్లలో రెండూ మాట్లాడుకుంటూనే ఉంటాయి, కీలో సెల్ తొందరగా అయిపోతుంది. నేను వంటింట్లో పాత పోపుల డబ్బాలో పెడతాను. సిగ్నల్ చాలావరకు ఆగిపోతుంది. దొంగలు సిగ్నల్‌ని దూరం నుంచి అందుకుని కారు తీసే పద్ధతి ఉందిగా, దానికీ మంచిదే. కీ మీద ఆవాల వాసన వస్తుంది, అంతే.

గచ్చిబౌలి_గేర్‌లెస్
ఇదంతా చదివి ఒకటి చేరుద్దామనిపించింది. నాది ఆటోమేటిక్. ఒక రోజు బటన్ నొక్కితే లైట్లన్నీ చక్కగా వచ్చాయి, సెల్ఫ్ మాత్రం తిరగలేదు, కీ ఆనించినా లాభం లేదు, టకటకా కూడా లేదు. బ్యాటరీ 12.5. రెండు రోజులు తలపట్టుకున్నాక వాచ్‌మన్ అన్నాడు, 'సార్, బ్రేకు తొక్కితే ఎనక లైటు రావట్లేదు' అని. బ్రేక్ పెడల్ మీద ఉండే చిన్న స్విచ్ పోయింది. బ్రేకు తొక్కినట్టు బండికి తెలియకపోతే స్టార్ట్ చేయదు. మాన్యువల్‌లో క్లచ్ స్విచ్ అదే పని చేస్తుంది. రాత్రి పూట గోడకి వెనక్కి పెట్టి తొక్కి చూస్తే, గోడ మీద ఎర్రగా పడకపోతే అదే. స్విచ్ కొన్ని వందల రూపాయలే. టోయింగ్ బండికి అంతకు పదింతలు ఇచ్చాను.

పల్నాటి_ఎండ
తిప్పే తాళం ఉన్నవాళ్లకి నా వంతుగా ఒకటి. తాళం తిరగదు, స్టీరింగ్ బిగుసుకుపోయి ఉంటుంది. బలం పెట్టి తాళం విరగ్గొట్టుకుంటారు. స్టీరింగ్ అటూ ఇటూ కదుపుతూ మెల్లగా తిప్పితే వచ్చేస్తుంది. ఈసారి ఖచ్చితంగా చెబుతున్నా, ఎవరూ మీటర్ అడగొద్దు.

సాగరతీరం
ఇంకోటి. చిప్పు తాళాలు రెండూ ఒకే రింగుకి వేసుకోకండి. ఒకదానికొకటి అడ్డొచ్చి బండి ఏదీ గుర్తుపట్టదు.

భీమారం_అల్లుడు
బయల్దేరే ముందు చివరి ప్రశ్న. పోయిన నెల 'కీ కనబడలేదు' అన్నది కూడా బ్యాటరీ వల్లేనా?

నిదానమే_ప్రధానం
కావచ్చు, కాకపోవచ్చు. అప్పుడు కీ ఎక్కడుంది? ఫోనుతో కలిపి పెట్టారా?

భీమారం_అల్లుడు
గేరు ముందున్న గుంటలో, ఫోను పక్కనే. చార్జర్ కూడా అక్కడే గుచ్చి ఉంటుంది. సిగ్నల్ దగ్గర యాభై రూపాయలకి కొన్న చార్జర్.

నిదానమే_ప్రధానం
ఆ చౌక చార్జర్లు రేడియోలో గరగరమన్నట్టే కీ సిగ్నల్‌నీ పాడుచేస్తాయి. అది పీకేసి కీ జేబులో పెట్టుకుని నడపండి. మళ్లీ రాకపోతే దొంగ అదే.

ఆటోనగర్_బాబాయ్
నాకైతే బ్యాటరీ మీదే అనుమానం, సరే, చార్జర్ ఎలాగూ పీకాల్సిందే. క్యామెరా ఫ్యూజు కూడా పీకి బయల్దేరు. బండి దారిలో ఆపకు. పండగ తిరుగు ప్రయాణం, పంతంగి టోల్ దగ్గర గంటలు పట్టొచ్చు, పెట్రోల్ ఆదా అని అక్కడ ఇంజిన్ కట్టేస్తే వెనకాల వంద కార్లు హారన్ కొడతాయి. కేబుల్ కూడా వెంట తీసుకెళ్లు.

కూకట్‌పల్లి_క్లచ్
వెల్డింగ్ షాపువాడి కేబుల్ హైదరాబాద్ పట్టుకుపోతే ఆ ఊరికి మళ్లీ రానివ్వరు.

భీమారం_అల్లుడు
మా అత్తగారు తేల్చేశారు, 'కనుమ నాడు వద్దు, అది అందుకే మొరాయించింది' అని. రేపు ముక్కనుమ పొద్దున్నే బయల్దేరతాం. మేనేజర్‌కి కారు చెడిందని మెసేజ్ పెట్టాను, నిజమే కాబట్టి మొహమాటం లేదు. సాయంత్రం అరగంట ఊరి చుట్టూ తిప్పి వచ్చాను.

భీమారం_అల్లుడు
రెండు రోజుల తర్వాత రాస్తున్నా. ముక్కనుమ పొద్దున రెండో నొక్కుకి లేచింది, ఎక్కడా ఆపకుండా ఇల్లు చేరాం. పంతంగి దగ్గర గంటన్నర, ఇంజిన్ ఆపలేదు. నిన్న బ్యాటరీ షాపులో లోడు టెస్ట్ పెట్టారు, సెల్ఫ్ తిప్పేటప్పుడు 8.9కి పడిపోతోంది, బ్యాటరీ లోపలి ఆరు గిన్నెల్లో ఒకటి పోయిందన్నాడు. కొత్తది వేయించాను, పాతదానికి కొంత తగ్గించాడు. క్యామెరాని తాళం ఆన్ చేస్తేనే వచ్చే లైనుకి మార్పించాను. చార్జర్ పీకాక 'కీ కనబడలేదు' మళ్లీ రాలేదు. అయితే బ్యాటరీ కూడా మారింది కాబట్టి బాబాయ్‌ది నెగ్గిందో నిదానం గారిది నెగ్గిందో చెప్పలేను.

ఆటోనగర్_బాబాయ్
నాదే.

నిదానమే_ప్రధానం
ఆ చార్జర్ మళ్లీ గుచ్చి ఒక వారం నడిపితే తేలుతుంది.

భీమారం_అల్లుడు
చచ్చినా గుచ్చను.

నెల్లూరు_పెద్దమ్మాయి
గొబ్బెమ్మ పాప ఎలా ఉంది?

భీమారం_అల్లుడు
ఫోన్ చేసిన ప్రతిసారీ 'నా బిళ్ల ఏదీ' అని అడుగుతోంది. చాక్లెట్ పంపిస్తానన్నాను, ఒప్పుకోలేదు.

కొత్తగా_చేరాను_26
నా స్కూటీ బటన్ నొక్కితే టిక్ అని ఒక్కసారే వస్తోంది, కిక్ కొడితే స్టార్ట్ అవుతోంది. ఇది కూడా కీ సమస్యేనా?

కూకట్‌పల్లి_క్లచ్
బాబాయ్, రండి. మొదటి నుంచి మొదలెట్టాలి.